టోపీ మనిషి

శాలిహుండం కొండ కింద టూరు బస్సు ఆగి ఉంది. పైనున్న బౌద్ధ స్తూపాలు చూసి, అందరికంటే ముందే దిగొచ్చి సీట్లో కూలబడ్డారు అక్కాచెల్లెళ్ళిద్దరు: విజయనగరంలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన కుసుమకుమారి, ఆమెని ‘అప్పా’ అని పిలుస్తూ ఆమె ఇంట్లోనే ఉంటున్న చెల్లెలు ఈశ్వరి.

“ఇటికలు సూపించడానికి ఇంతెండలో కొండెక్కించిందే! ఇటికలు! మా బడి గోడ పడిపోయినప్పుడు ఇంతకన్నా మంచి ఇటికలు పోగుపడ్డాయి.”

“రెండువేల ఏళ్ల నాటివప్పా అవి.”

“అయితే? పాతబడితే ఇటిక బంగారమైపోద్దేటి? ఆ గైడు పిల్ల అరుణశ్రీ, నిన్న విజయనగరం కోటకాడ ఒక సంవత్సరం సెప్పింది. మద్దేన్నం బొబ్బిల్లో అదే సంవత్సరం ఇంకోదానికి సెప్పింది. నా క్లాసులో అయితే బెంచీ ఎక్కించీదాన్ని.”

“నిన్ను సూసి బెదిరిపోయి మర్సిపోతన్నాది.”

“బెదిరితే సదూకోవాల. మరి శ్రీకూర్మంలో ఈ బస్సోళ్లు? జన్మలో తాబేలు ముకం సూడనట్టు ఎగబడిపోనారు. ఆ టోపీ మనిషైతే ఏకంగా కింద కూకుండిపోనాడు.”

“కూకుంటే ఏటయ్యింది?”

“ఏటయ్యిందా? అరవయ్యేళ్ల మనిషి తాబేలుతో మాటాడతన్నాడే! ‘తినమ్మా, తిను, ఎవులూ లాక్కోరు’ అని. నా సెవులారా విన్నాను.”

“నాకు నవ్వొచ్చింది.”

“నాకు ఒళ్లు మండింది. ఆడూ, ఆ టోపీ! ఏ ఊరేగింపులో పంచేరో.”

“ఎండకి పెట్టుకున్నారు.”

“బస్సులోపల ఎండేటే? ఇక తిండి సూడు. పొద్దున్న అరసవల్లి హోటల్లో ఐదిడ్లీలు తిని, పక్కోళ్లు వదిలేసిన చట్నీ కూడా—”

“నీదే అప్పా అది. నువ్వే కదా తీసీమన్నావు.”

“సర్వర్ని తీసీమన్నాను! ఆడ్నా?”

“నీ ఎదరే ఉన్నారు మరి. తననే అన్నావనుకున్నారు.”

“వత్తాసొకటి. కొండమీదైతే మరీను, నా సెయ్యట్టీసుకున్నాడు.”

“జారిపోతన్నావు నువ్వు. కళ్లు తిరిగేయి కదా.”

“జార్తే జార్తాను! అడక్కుండా పట్టుకోడమేటి? ఆ సెయ్యి సూసేవా? ఆకురాయిలాగ. గోళ్ల సందున నలుపు. ఏ కాలవ తవ్వీవోడో.”

“ఇంజినాయిలది. ఎంత తోమినా పోదు.”

“నీకెలా తెల్సు?”

“సెప్పేరు.”

“ఎప్పుడు?”

“ఏదో... మాటల్లో.”

“ఏ మాటల్లో? రెండ్రోజులై నా పక్కసీటు వదల్నేదు నువ్వు.”

“మంచినీళ్లు తాగుతావా అప్పా?”

“వద్దు. ఇటు సూడు.”

“సూస్తన్నాను.”

“ఆపక్క కిటికీలోకి కాదు. నాకేసి. ఎవడాడు?”

“ఉమాశంకర్ గారు. కళింగపట్నం. బోటింజిన్లు బాగుసేస్తారు.”

“గారా! ఎన్నాళ్లై తెల్సు?”

“రెండేళ్లు... అప్పా, మేం పెళ్లి సేసుకుందామనుకున్నాం.”

“పెళ్లి.”

“ఊఁ.”

“నీకు యాభైరెండేళ్లే.”

“యాభైమూడు.”

“నయం, నువ్వే సెప్పేవు! మొగుడు పోయి పదకొండేళ్లయ్యేక ఇప్పుడు పుట్టిందేటే సోకు? అదీ ఎవడితోటి? సముద్రపోడితోటి! సేపలు బేరమాడి కొనుక్కునీ ఇంటికాడికెళ్లి కాపరం సేస్తావా?”

“ఆళ్లు తెచ్చిన సేపలు తింటాం కదప్పా.”

“తింటాం. సుట్టరికం కలుపుకోం.”

“నీ ఇష్టం.”

“ఆడికి పెళ్లాం నేదా?”

“ఆరేళ్లయ్యింది పోయి. కూతురు పలాసలో టీచరు. ముందు ఆ పిల్లే అన్నాది, సేసుకోండని.”

“టీచరా? బాగానే నేర్పింది పాటం. అందుకా, కోటలన్నావు, గుళ్లన్నావు, నన్నీ బస్సులోకి లాక్కొచ్చేవు?”

“ఆయనే అన్నారు. ముందే సెప్తే మీ అప్ప నన్ను సూడదు, తిడతాది. సెప్పకుండా రెండ్రోజులు సూడనీ, అని.”

“సూసేను. తిట్టేను.”

“అవును.”

“పదకొండేళ్లు నా ఇంట్లో ఉన్నావు. తిండికి తక్కువ సేసేనా? గుడ్డకి తక్కువ సేసేనా? నోరిప్పి సెప్పు.”

“సెయ్యనేదు.”

“మరేటి రోగం?”

“శ్రీకాకుళం పెళ్లికెళ్లినప్పుడు డెంగీ వచ్చి ఐదు రోజులు అక్కడ ఆసుపత్రిలో ఉన్నాను, గుర్తుందా?”

“ఎందుకు నేదు? నానే కదా ఇంటికి తెచ్చేను.”

“ఐదో రోజున. డిశ్చార్జి రాసిచ్చేక.”

“నాకు రిటైర్మెంటు సన్మానాలు కదే! ఊరూరా పిలుస్తన్నారు, ఎల్లకపోతే—”

“నీ తప్పనడం నేదప్పా. పక్కమంచం ఆయన సెల్లెలిది. ఆవిడకి గంజి తెచ్చీవోరు. రెండోనాడు నుంచి రెండు గ్లాసులు తెచ్చేరు. నానెవరో అడగనేదు, మాదే ఊరో అడగనేదు. ఉప్పు సరిపోయిందా అన్నారు, అంతే.”

“గంజికి పడిపోనావన్నమాట.”

“నీ ఇంట్లో పదకొండేళ్లై అందరికీ వడ్డించి, ఉప్పు సరిపోయిందా అని నానే అడుగుతన్నాను. నన్నడిగింది ఆయనొక్కరే.”

“ఆ నీళ్లు ఇలాగియ్యి.”

“అప్పా.”

“మాటాడకు. జనం ఎక్కుతన్నారు.”

“సరే.”

“నాను కాదంటే మానుకుంటావా?”

“మానుకోను.”

“మరి నాకెందుకు సెప్పడం?”

“నువ్వు కాకపోతే నాకెవరున్నారు సెప్పుకోడానికి?”

“నా ఇంటి గడప తొక్కడాడు. సెప్పేస్తన్నాను.”

“సరే అప్పా.”

“నువ్వూ తొక్కవు.”

“...సరే.”

“సరే సరే అనకు! ఏడవకు కూడాను. ఆ కొంగు తీసి తుడుసుకో.”

“అరుణశ్రీ మేడమ్, అందరూ ఎక్కినట్టేనా? బండి తీసీమంటారా?”

“ఆఁ, ఎక్కేరు. పోనివ్వు ఎల్లాజీ.”

“ఒసే ఈశ్వరీ... ఆడేడే?”

“రానేదింకా. నీకు కళ్లు తిరిగేయని కొబ్బరిబొండం కోసం రోడ్డు మీదికెళ్లేరు.”

“నాకా?”

“నీకే. అప్పా, బస్సు కదిలిపోతన్నాది.”

“మరి కూకుండిపోనావేటే? అరువు!”

“ఏటని అరవను? ఆయన నీకేటవుతారని అడిగితే, ఇంతమందిలో ఏటని సెప్పను?”

“లే, అడ్డు లే! ఓ ఎల్లాజీ! ఆపు! బస్సాపవయ్యా! మా మరిది ఇంకా ఎక్కనేదు!”