కదలని నీళ్ళు

ఆసుపత్రుల బట్టలు ఉతికే ఫ్యాక్టరీలో ఆఫీసు గది. మేనేజరు నిలబడి ఉన్నాడు. బాయిలర్ తనిఖీకి వచ్చిన ఇంజనీరు అతని మరదలే. గోడవారగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఒక్క సంతకానికి ఇంతసేపా? పెట్టు, బయల్దేరు.”

“తొందరేముంది బావగారూ. కాస్త కూర్చోనివ్వండి.”

“కూర్చోవడానికొచ్చావా, తనిఖీకొచ్చావా? బాయిలర్ కింద చూశావు, పైన చూశావు, నిచ్చెనెక్కి మరీ చూశావు. ఇంకేం మిగిలింది, నా జాతకమా?”

“అదీ చూడాల్సిందే. మంచినీళ్ళు ఇప్పిస్తారా?”

“సీసాలో ఉన్నాయి, తాగు. తాగి సంతకం పెట్టు. మధ్యాహ్నానికి దుప్పట్ల లారీ వెళ్ళాలి. ఆవిరి లేందే ఒక్క దుప్పటి కూడా ఆరదని నీకు వేరే చెప్పాలా?”

“అక్కర్లేదు.”

“తెలిసీ సాగదీస్తున్నావంటే కావాలనే. పెళ్ళి పీటల మీద నన్ను చూసి మొహం అదోలా పెట్టావే, అప్పటి కచ్చ ఇది.”

“అప్పుడు నాకు జ్వరం.”

“ఇన్నేళ్ళయినా తగ్గలేదా?”

“మీరు తగ్గనిస్తేగా. ఫోను మోగుతోంది, చూడండి.”

“మీ అక్కే. పక్కనే ఇస్త్రీ హాల్లో పని చూసుకుంటూ ఫోనొకటి.”

“ఎత్తండి, ఏం పనో.”

“ఎత్తితే నీ తరఫున వకాల్తా మొదలెడుతుంది. ఇదిగో, కట్ చేశా. నువ్వు చెప్పు. నా బాయిలర్లో నీకు కనబడ్డ తప్పేంటి?”

“గేజి గ్లాసు.”

“దానికేం? లోపల నీళ్ళెంతున్నాయో చూపించే గాజు గొట్టం. సగం ఉండాలి, సగం చూపిస్తోంది. ఇంకెలా ఉండాలి?”

“కదలాలి.”

“ఏంటి?”

“లోపల నీళ్ళు మరుగుతుంటే గొట్టంలో నీళ్ళు కుదురుగా ఉండవు బావగారూ. చంటిపిల్లాడిలా అస్తమానం పైకీ కిందకీ ఆడుతుంటాయి. మీ గొట్టంలో ఫొటోకి నిలబడ్డట్టు నిలబడ్డాయి.”

“కుదురుగా ఉన్నా వంకేనా? నీతో మీ అక్క ఎలా పెరిగిందో.”

“చెయ్యి పెట్టి చూశాను. గొట్టం చల్లగా ఉంది.”

“అక్కడ గాలి తగులుతుందిలే.”

“కిటికీ కూడా లేని చోట?”

“అది సరే, ఆ కుర్చీ అక్కడెందుకు వేసుకున్నావు? స్విచ్ బోర్డుకి వీపానించి కూర్చుంటారా ఎవరైనా? ఇటు జరుగు.”

“నాకిక్కడే బాగుంది. ఆ గొట్టానికి పైనా కిందా వాల్వులు ఎవరు మూశారు?”

“ఎవరూ మూయలేదు.”

“బావగారూ.”

“మూయలేదంటున్నానా.”

“సరే, మూయలేదు. పదండి మరి, ఇద్దరం వెళ్ళి బాయిలర్ పక్కన నిలబడదాం. ఆ గొట్టం ముందే సంతకం పెడతాను.”

“ఇక్కడ పెడితే పెన్ను రాయదా?”

“అక్కడైతేనే పెడతాను. రండి. ఏం, రారా?”

“ఆగు, మళ్ళీ ఈ ఫోనొకటి. మీ అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి నన్ను బతకనిచ్చేలా లేరు. కట్ చేశా, చాలా? ఇంతకీ నీక్కావల్సిందేంటి, నా నోటితో ఒప్పుకోవాలి, అంతేగా? మూశాను. నేనే మూశాను. గొట్టం అడుగున బొట్లు బొట్లుగా కారుతోంది. నువ్వు చూస్తే నానా యాగీ చేస్తావని, సగందాకా నీళ్ళు నిలిపి రెండు వైపులా బిగించేశా. నువ్వటు వెళ్ళగానే విప్పేద్దామనుకున్నా. కడుపు నిండిందా?”

“ఎప్పుడు మూశారు?”

“పొద్దున, షిఫ్టు మొదలవక ముందు.”

“బాయిలర్ మేస్త్రికి చెప్పారా?”

“చెబితే ఇంకేమన్నా ఉందా? వాడి నోట్లో మాట నిలవదు. నువ్వు గేటు దగ్గరుండగానే ఎదురొచ్చి చెప్పేస్తాడు.”

“అంటే పొద్దుట్నుంచీ మేస్త్రి ఆ గొట్టం చూసుకుంటూ, సగం ఉన్నాయి కదా అని నీళ్ళు వదలకుండా కూర్చున్నాడు.”

“వాడు... అదేంటి, వాడికి ఆమాత్రం...”

“లోపల నీళ్ళు మరిగి ఆవిరైపోతూనే ఉన్నాయి. గొట్టం సగమే చూపిస్తోంది. ఇప్పుడు చెప్పండి, లోపల ఎన్ని నీళ్ళున్నాయి?”

“లే.”

“ఎన్నున్నాయి బావగారూ?”

“లే అక్కణ్ణుంచి. పంపు స్విచ్ నీ వెనకే ఉంది. ముందు నీళ్ళు వదలాలి. లేమ్మా, నీకు దణ్ణం పెడతాను.”

“అందుకే ఇక్కడ కూర్చున్నాను. లోపల ఇనుము ఎర్రగా కాలిపోయి ఉంటుంది. దాని మీద చన్నీళ్ళు పడ్డాయంటే ఒక్కసారిగా ఆవిరై బాయిలర్ పేలిపోతుంది. ఇస్త్రీ హాలూ మిగలదు, ఈ గదీ మిగలదు.”

“మరి మంట? మంటన్నా ఆపాలి కదా.”

“ఆపించాను, మీరు సంతకం మాట ఎత్తకముందే. చెవి పెట్టి వినండి, హాల్లో మిషన్ల చప్పుడుందా?”

“లేదు. అవును, లేదు. ఎప్పుడాగింది?”

“మీరు నన్ను తిడుతున్నప్పుడు. జనాన్నందరినీ గేటు బయటికి పంపించమని అక్కకి చెప్పే వచ్చాను. దానంతటది చల్లారేదాకా లోపలికి చుక్క నీరు పోకూడదు. అంతే.”

“ఆ ముక్క రాగానే చెప్పొచ్చుగా. పిల్లి ఎలకని ఆడించినట్టు ఆడించావు నన్ను.”

“చెబితే మీ చెయ్యి ముందు దేని మీదకి పోతుందో ఇప్పుడే చూశాను.”

“చూశావులే. పెద్ద ఇంజనీరువి. ఇదిగో, మళ్ళీ మీ అక్క. హలో, ఏంటి? స్పీకర్లో పెట్టాను, చెప్పు.”

“ఏమండీ, ఎన్నిసార్లు కట్ చేస్తారు? అందరూ బయటికి వచ్చేశారు గానీ, మేస్త్రి వెనక షెడ్డులో డీజిల్ పంపు దగ్గర నిలబడ్డాడు. రమ్మంటే రాడు.”

“డీజిల్ పంపా? బావగారూ, ఇంకో పంపుందా?”

“పాతది. కరెంటు పోయినప్పుడు వాడతాం. నాకు తట్టనే లేదు.”

“ఏమండీ, బాయిలర్లో నీళ్ళు తగ్గాయని వాడికి అనుమానం వచ్చిందట. చెల్లి వద్దందిరా అంటే వినడు. మేనేజరు గారు ఊఁ అంటే నీళ్ళు వదిలేస్తాను, కాదంటే మానేస్తాను, ఇంకొకరి మాట నాకక్కర్లేదంటాడు. హ్యాండిల్ మీద చెయ్యేసే ఉన్నాడు.”

“వద్దు. తియ్యమను. నేను చెప్పానని చెప్పు. చెయ్యి తీసి బయటికి పరిగెత్తమను. నువ్వక్కడేం చేస్తున్నావు? నువ్వూ పరిగెత్తు.”

“ఉండండి. ఒరేయ్, ఆయన వద్దన్నారు, రా. ఆఁ, తీశాడు. వస్తున్నాం. ఈ ఒక్క మాట అడగమని మొదట్నుంచీ ఫోన్ చేయిస్తూనే ఉన్నాడండీ. మొదటిసారే ఎత్తుంటే మీరేం చెప్పేవారు?”