బావమరిది కారు

నా పేరు, తండ్రి పేరు పైన రాసుకున్నారు. బజారులో మాత్రం టర్బో మేస్త్రీ అంటేనే తెలుస్తుంది. వయసు యాభై మూడు. కార్ల మెకానిక్‌ని. పందెం కార్లకు పెద్ద టర్బోలు బిగించి ఇంజన్ బలం పెంచుతాను. ఉండేది షెడ్డు వెనక గదిలో. ఒక్కడినే. నా భార్య పోయి నాలుగేళ్లయింది. నన్ను ఎవరూ పిలిపించలేదు, నా అంతట నేనే స్టేషనుకు వచ్చాను.

గాయపడిన వ్యక్తి నా భార్య తమ్ముడు. కళ్లద్దాల దుకాణం నడుపుతాడు. ఆమె పోయాక అతను నా గడప తొక్కలేదు. గొడవేమీ లేదు. రావడానికి పని లేకపోయింది, అంతే.

ఈ నెల మూడో తేదీ, సోమవారం ఉదయం పదిన్నరకు కారు వేసుకుని వచ్చాడు. "బావా, పావు మైలు పన్నెండు సెకన్లలోపు కొట్టాలి. పదహారున పందెం. చేసిపెడతావా?" అన్నాడు. నన్ను బావా అని ఎవరైనా పిలిచి నాలుగేళ్లయింది.

రోజూ మధ్యాహ్నం దుకాణం మూసి వచ్చి, పనిముట్ల బల్ల మీద కూర్చుని కబుర్లు చెప్పేవాడు. మా ఆవిడ చిన్నప్పుడు సైకిల్ నేర్చుకుంటూ పక్కింటివాళ్ల గోడ పడగొట్టిందట. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ సంగతి నాకు చెప్పలేదు.

ఏడో తేదీకి పని అయిపోయింది. "అయినట్టేనా?" అని అడిగాడు. "ఎక్కడో ఆయిల్ కారుతోంది, రేపు చూద్దాం" అన్నాను. కారడం లేదు. అతను వెళ్లాక టర్బోకు ఆయిల్ అందించే పైపు బోల్టును పానాతో సగం చుట్టు వదులు చేశాను. మర్నాడు అతని ఎదుటే వెతికినట్టు వెతికి బిగించాను. సాయంత్రం మళ్లీ వదులు చేశాను. ఇలా ఎనిమిది రోజులు. రోజూ వచ్చాడు. "ఇంత పేరున్న మేస్త్రీవి, చుక్క ఆయిల్ ఆపలేవా బావా?" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి.

పదిహేనున కూడా వదులు చేశాను. పొద్దున ఎనిమిదికి రమ్మన్నాను. బిగించి, ఇద్దరం కలిసి వెళ్లాలనుకున్నాను.

ఆదివారం ఏడు గంటలకు చొక్కా ఇస్త్రీ చేయించుకోవడానికి వెళ్లాను. వచ్చేసరికి కారు లేదు. తన దగ్గరున్న తాళంతో తీసుకెళ్లాడు. పక్క షాపు స్కూటర్ అడిగి బయలుదేరాను. ఎనిమిది నలభైకి పందెం జరిగే చోట గేటు దగ్గర ఆపారు. "లోపల మావాడున్నాడు, ఒక్క నిమిషం" అన్నాను. "అందరివాళ్లూ ఉన్నారు, టికెట్ తీసుకోండి" అన్నాడు కాపలావాడు. బోల్టు వదులుగా ఉందని చెబితే పందెం ఆపేవారు. ఎందుకు వదులైందని అడుగుతారు. చెప్పలేదు. టికెట్ వరసలో నిలబడ్డాను.

ఎనిమిది యాభైకి కారు కదిలింది. సగం దూరంలో, కారిన ఆయిల్ కాలుతున్న టర్బో మీద పడి బానెట్ కింద మంటలు లేచాయి. తలుపు తెరుచుకుని బయటపడ్డాడు. రెండు చేతులూ కాలాయి.

ఆసుపత్రిలో మీ కానిస్టేబులుతో "మా బావ తప్పేం లేదు, చెప్పకుండా తీసుకెళ్లింది నేనే" అన్నాడు. నిన్న నాలుగు గంటలకు అతనికి అంతా చెప్పాను. గోడవైపు తిరిగాడు. అతని భార్య వరండా దాకా వచ్చి, "ఇంక రాకండి అన్నయ్యగారూ" అంది.

ఇది చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది. ఒక చోట "పొరపాటున" అని రాస్తే కొట్టేయించి, "కావాలని" అని రాయించాను.

(సంతకం)