ఉత్త బిళ్ళలు

కూర్చోండి డాక్టరు బాబూ. దశరథరామయ్య గారు మళ్ళీ ఆసుపత్రికి ఎందుకు రాలేదో అడగడానికి తెనాలి నుంచి రేపల్లె దాకా వచ్చారా? నిజంగా తెలియకే అడుగుతున్నారా?

ఆయన లోపల పడుకున్నారు. మెల్లిగా మాట్లాడుకుందాం.

ఎలాంటి మనిషండీ మా ఆయన. తెనాలి బస్సు డ్రైవరంటే ఈ దారిన తెలియని వాళ్ళు లేరు. అలాంటిది వేమూరు దాటకుండానే బస్సాపి కాలవగట్టు దిగడం మొదలెట్టారు. దిగి నిలబడితే మూత్రం వచ్చేదా? ఎంతకీ రాదు. జనం కిటికీల్లోంచి తొంగిచూసేవాళ్ళు. ఒకరోజు ఎవడో ఈల కూడా వేశాడట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఇక బస్సెక్కనన్నారు. అన్నం ముట్టలేదు.

ప్రోస్టేటు గ్రంథి పెరిగి దారి నొక్కేస్తోందన్నారు మీ పెద్ద డాక్టరు గారు. కోసి తీయాలి గానీ ఈయన గుండె మత్తుమందుకి తట్టుకోదన్నారు. అప్పుడే కదండీ మీరు పిలిచింది? కొత్త మందు పరీక్ష, కొందరికి మందు, కొందరికి ఉత్త బిళ్ళ, ఎవరికేదో ఇచ్చే మాకూ తెలీదని చెప్పారు. ఆయన సరేనన్నారు. ఉత్తది నాకెందుకొస్తుందిలే అనుకున్నారు. ఎవరైనా అంతేగా?

అబద్ధమెందుకు, తగ్గింది. ఆ పెద్ద తుఫానుకి ముందు ఏడాదంతా హాయిగా నిద్రపోయారు. బాపట్లలో మా ఝాన్సీలక్ష్మి కొడుక్కి బారసాలంటే, తెనాలిలో బండి మారి రైల్లో వెళ్ళాం. మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని తంతు అయ్యేదాకా కదల్లేదు. వియ్యంకుడితో పరాచికాలాడుతూ భోంచేశారు.

తర్వాత పరీక్ష అయిపోయిందన్నారు. పిలిచి, కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి మరీ చెప్పారు, మీకిచ్చింది ఉత్త పిండి బిళ్ళలని. మిమ్మల్నేం అనను. అడిగింది ఆయనే. అడిగాక మీరు మాత్రం ఏం చేస్తారు?

ఇంటికొచ్చాక, "ఇన్నాళ్ళూ నన్ను నేనే మోసం చేసుకున్నానే, కోటిరత్నం" అన్నారు. అంతే. వారం తిరక్కుండా మూత్రం పూర్తిగా బిగదీసుకుపోయింది. పొట్ట రాయిలా ఉబ్బి, గోడ పట్టుకుని మూలుగుతుంటే తెనాలి మీ ఆసుపత్రికి తీసుకొచ్చాం. రబ్బరు గొట్టం వేసి పంపించారు. ఇప్పటికీ అదే. మంచం పక్కన సీసా. మనవడొస్తే గబగబా దుప్పటి కప్పేసుకుంటారు.

ఏంటి? ఇప్పుడు అసలు మందు ఇస్తామంటారా? అది తిన్నవాళ్ళకి తగ్గిందా మరి? సంగం జాగర్లమూడి ఊళ్ళో చెంచురామయ్య గారు అదే తిన్నారటగా. ఆయనకీ గొట్టమేనట.



పోనీ, ఒక్కటి అడగనా? ఆ ఉత్త బిళ్ళలే ఇప్పించండి. రంగు మార్చి. బొంబాయి నుంచి కొత్తగా వచ్చిందని మీరు చెబితే ఆయన నమ్ముతారు.

తప్పంటారు. అవునులెండి, మీ చదువుకి తప్పే.

మొన్న నేనే చూశానండి. చీరాల నుంచి మా చెల్లెలు మంచి మందు పంపిందని చెప్పి, ఏదో బలం బిళ్ళ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు. "ఇదీ పిండేనా?" అన్నారు.

మింగారు మాత్రం. నా కోసం మింగారు.

పనిచేసిందేమో, గొట్టం తీయించి చూద్దామా అని నేనూ అనలేదు, ఆయనా అనలేదు.