ఆ చివరి నడక ఎవరిది?

కూంగా ఊళ్ళో తీసిన ఆ పాత సినిమాకి యాభయ్యేళ్ళు నిండాయి. హీరో అందరినీ పోగొట్టుకుని, కెమెరాకి వీపు చూపించి, కాళ్ళీడ్చుకుంటూ ఎర్రటి ఎడారిలోకి నడిచిపోతాడే, ఆ సీను ఇక్కడిదే. నడిచింది హీరో కాదనీ, ఊళ్ళోవాళ్ళెవరో అనీ అందరికీ తెలుసు. ఎవరంటే మాత్రం క్లారీ డగ్గన్ తప్ప చెయ్యెత్తినవాడు లేడు.

పబ్బు అరుగు మీద రేలీన్ కొత్త బోర్డు రాస్తోంది. "ఆ చివరి నడక నడిచినవారు" అని రాసి, పేరు దగ్గర కుంచె ఆపింది. క్లారీకి డెబ్బై ఆరేళ్ళు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. ఆ పేరొక్కటి పడితే చాలు, తను పోయాక కూడా ఊళ్ళో తనుంటాడు. అందుకే పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకుని వచ్చి కూచున్నాడు.

"రాయమ్మాయ్, ఇంకా ఆలస్యమెందుకు?" అన్నాడు మూతికంటిన బీరు నురగ తుడుచుకుంటూ.

"ముందు సంగతి చెప్పు పెద్దాయనా. తర్వాత చెరపాలంటే నాకు చాకిరీ."

"సంగతేముంది, చిన్నదే. ఆ రోజుల్లో వారానికొక్క టపా విమానం. ఈ శనివారం తప్పితే మళ్ళీ శనివారమే. హీరోగారు చివరి సీను మిగిలుండగానే చక్కా ఎక్కేశాడు. డైరెక్టరు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. పోనీలే పాపం అని నేను ఆ కోటు తొడుక్కుని ఇరవై అడుగులు నడిచాను."

"అంతేనా?" అన్నాడు పబ్బు నడిపే నెవ్.

క్లారీ ముందు ఆ మాట అనకూడదు.

"అంతేనా అంటావేంట్రా! మూడో అడుగులో పాము! బారెడుంది. నా కాలు పట్టుకుని వదల్లేదు. కెమెరా తిరుగుతుంటే నేనాగుతానా? పాముని ఈడ్చుకుంటూనే నడిచాను. కాలీడ్చడమంటే అదీ! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మైలు నడిచి చూస్తే పాము చచ్చిపోయుంది."

"నువ్వు తొక్కా?"

"నా రక్తం తాగి! ఇక సినిమా విడుదలైందా, సిడ్నీ పిల్లలంతా బడికి కాళ్ళీడ్చుకుంటూనే వెళ్ళారు. బూట్ల కొట్లవాళ్ళు మేడలు కట్టారు. కార్టూన్లలో బాతులకి నా నడకే పెట్టారు. టోక్యోలో దానికి ఏకంగా డాన్సు స్కూలే ఉంది. ఫుట్‌బాల్ వాళ్ళు గోలు కొట్టి ఎలా నడుస్తారు? చూశావా లేదా?"

"చూశాను," అంది రేలీన్. అబద్ధం కాదు. ఆమె పెళ్ళి విందులో పెళ్ళికొడుకు కూడా అలాగే నడిచి చూపించాడు.

"అసలు చంద్రుడి మీద..."

"వాళ్ళు ఈ సినిమాకి ముందే దిగారు కదయ్యా!" అన్నాడు నెవ్.

"అందుకేగా మళ్ళీ ఎవర్నీ పంపలేదు! సినిమా చూశాక నడక తప్పని వాళ్ళకే సిగ్గేసింది. అంతెందుకు, దక్షిణ ధ్రువంలో పెంగ్విన్లున్నాయే, అంతకుముందు పరిగెత్తేవి!"

అరుగంతా గొల్లుమంది. రేలీన్ నవ్వుతూనే కుంచె ముంచి "క్లా" అని రాసింది. ఆ ఒక్క అక్షరం చూసి క్లారీకి కళ్ళు చెమర్చాయి.

మూల బల్ల దగ్గర మెర్ల్ కేకు ముక్కలు కోస్తోంది. నలభై ఏళ్ళు ఈ పబ్బులో దుప్పట్లూ బట్టలూ ఉతికిన మనిషి. కత్తి పక్కన పెట్టింది.

"క్లారీ, ఆ శనివారమే కదూ గుర్రప్పందేలు?"

"ఆహా! కప్పు కొట్టిందెవరనుకున్నావ్? నేనే! అద్దె బూట్లు బిగించి, పొద్దుట్నించీ పొద్దుగూకే దాకా జీను దిగితే ఒట్టు..."

అక్కడ ఆగిపోయాడు. పందేలు జరిగేది నలభై మైళ్ళ అవతల.

"ఊళ్ళో మగపురుగు లేదు ఆవేళ," అంది మెర్ల్. "బట్టలుతకడానికి నేనొక్కదాన్నే మిగిలాను. డైరెక్టరు ఆ కోటు నాకే తొడిగాడు. హీరో బూట్లతో సహా విమానమెక్కేశాడు. ఈ అరుగు మీద ఎవరో విప్పిన జత కనబడితే వేసుకున్నాను. రెండు సైజులు పెద్దవి. పాదం ఎత్తితే ఊడిపోతాయని ఈడ్చుకుంటూ నడిచాను."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అంది రేలీన్.

"ఇతను చెబుతుంటే వినడానికి బాగుండేది. కానీ బోర్డెక్కిస్తుంటే మనసొప్పలేదమ్మా."

ఎవరూ నవ్వలేదు. అదే క్లారీకి ఎక్కువ బాధేసింది. లేచి, రేలీన్ చేతిలో గుడ్డ తీసుకుని, తన అక్షరాన్ని తనే తుడిచాడు.

"మెర్ల్ పేరు రాయమ్మాయ్," అన్నాడు. మెట్లదాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఆ బూట్లు... ఎడమదానికి లేసు బదులు గోనెతాడు కట్టుందా?"

"ఉంది."

"అవి నావి!" గుప్పెడంతైన మనిషి మళ్ళీ బారెడయ్యాడు. "విన్నారా? లోకమంతా నడిచేది నా బూట్ల నడక!"

మెర్ల్ రేలీన్ వైపు తిరిగింది.

"నా పేరు కింద రాయమ్మా. బూట్లు, క్లారీ డగ్గన్ అని. అది నిజమే. కంపు కొట్టాయని మాత్రం రాయకు."