వాపులో బలమెంత? డాక్టర్ మార్లిస్ థోర్సన్ గారి ముప్పై అయిదేళ్ల సందేహం

1989 జూలై ఒకటో తేదీన డాక్టర్ మార్లిస్ థోర్సన్ గారు ఒమాహాలోని మన ఆసుపత్రి శ్వాసనాళ శస్త్రచికిత్సా విభాగంలో సహాయ శస్త్రవైద్యురాలిగా బాధ్యతలు స్వీకరించారు. చేరిన మొదటి ఉదయమే నాటి విభాగాధిపతి డాక్టర్ హ్యూ డెలానీ గారిని నిలబెట్టి అడిగారు.

"గాయం మానడం మొదలయ్యేదే వాపుతో కదండీ. మరి ఆపరేషనైన ప్రతివాళ్లకీ వాపు తగ్గే మందు ఇన్నేసి రోజులు ఎందుకిస్తున్నాం?"

"ఇస్తూ వస్తున్నాం కాబట్టి ఇస్తున్నాం. ముందు కోటు తొడుక్కో అమ్మాయ్."

కోటైతే తొడుక్కున్నారు గానీ ప్రశ్నను మాత్రం వదల్లేదు. వాపును చూసి బలుపనుకోవడం లోకంలో ఎగతాళి మాట. ఆ వాపులో నిజంగానే కాస్త బలముందేమోనని కుతూహలపడిన మనిషి ఆమె. కాలో చెయ్యో వాస్తే కొంప మునగదు. శ్వాసనాళం వేలెడు వెడల్పు దారి, అది వాస్తే ఊపిరే ఆడదు. అలాగని స్టెరాయిడ్ అనే ఆ మందుతో వాపును అణుస్తూ పోతే కొత్త కండ పట్టక కుట్లే వదలవచ్చు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

1994 శీతాకాలంలో ఆ సందేహం ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఆయన పేరు వెర్లిన్ ఓస్ట్రైక్, పశువుల వేలంశాలలో పాట పాడించడం ఆయన వృత్తి. ట్రక్కు ప్రమాదం తరువాత చాలాకాలం గొంతులో ఉంచిన శ్వాసగొట్టం వల్ల నాళం ఇరుకైపోగా, మార్లిస్ గారు ఆ ఇరుకు ముక్కను తొలగించి రెండు కొసలనూ కలిపి కుట్టారు. తల ఎత్తితే కుట్లు తెగుతాయన్న భయంతో, విభాగపు ఆనవాయితీ ప్రకారం, ఆయన గడ్డాన్ని రొమ్ముకు దారంతో కట్టి ఉంచారు.

"డాక్టరమ్మా, ఎవరొచ్చినా బూట్లే గానీ మొహాలు కనబడటం లేదు. మీ బూట్లు పాలిష్ చూసి చాలా కాలమైనట్టుంది," అన్నాడాయన గుసగుసగా.

ఆమె తటాలున నేలమీద చతికిలబడి ఆయన ముఖంలోకి చూశారు. అంతకుముందే గొంతులోకి స్కోపు గొట్టం దించి లోపల చూశారు. కుట్ల అంచులు పాలిపోయి, మానే జాడే లేదు.

"స్టెరాయిడ్ ఆపితే వాపొచ్చి ఊపిరాడకపోవచ్చు. అప్పుడు గొంతుకి రంధ్రం పెట్టాలి, మళ్లీ వేలం పాట పాడిస్తారో లేదో చెప్పలేను. ఆపకపోతే కుట్లు ఊడొచ్చు."

"ఊడితే?"

"బతకడం కష్టం, వెర్లిన్ గారూ."

"అంటే రెండు గొడ్లూ కుంటివే. మీరైతే దేన్ని తోలుకెళ్తారు?"

"ఆపేస్తాను. నా లెక్క కరెక్టో కాదో నాకూ తెలీదు. పక్కనే ఉంటాను, అంతే."

"సరే, పాట మీకే కొట్టేశాను."

డెలానీ గారు మండిపడ్డారు. "ఊపిరాడక పోతే వాళ్లావిడకి ఏం చెప్తావ్?"

"కుట్లు ఊడి పోతే ఏం చెప్పాలో మీరు చెప్పండి, అదీ నేర్చుకుంటాను," అన్నారీమె.

వాపు రానే వచ్చింది. ఊపిరి ఈలవేసింది. తడి ఆవిరి పట్టిస్తూ, రంధ్రానికి కావలసిన పనిముట్లు చేతికందేలా పెట్టుకుని ఆమె ఆ మంచం వదల్లేదు. చచ్చేంత భయం వేసిందని తరువాత ఆమే చెప్పారు, దాచుకునే మనిషి కారు. మూడోనాటికి ఈల సన్నగిల్లింది, కుట్ల అంచులకు ఎర్రదనం వచ్చింది. మరికొన్నాళ్లకు గడ్డం దారం కత్తిరించారు.

మరొకరైతే మర్నాడే సిద్ధాంతం ప్రకటించేవారు. "ఒక్కడు బతికాడని సూత్రం రాస్తే అది వైద్యం కాదు, జోస్యం," అని, ఆమె ఏళ్ల తరబడి కుందేళ్ల శ్వాసనాళాలనూ, తరువాత రోగుల గాయాలనూ ఓపికగా పరిశీలించారు. అలాగే మందు ఆపిన ఇంకో రోగికి గొంతు రంధ్రం తప్పలేదు; ప్రతి ఉపన్యాసంలోనూ ముందుగా చెప్పే కథ అదే. 2003లో విభాగాధిపతి అయ్యాక కూడా, అందరికీ ఒకే మోతాదు రాసే అలవాటును మాన్పించారే గానీ, దాని స్థానంలో మరో అలవాటును కూర్చోబెట్టలేదు. ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అని మంచం మంచం దగ్గరా మమ్మల్ని వేపుకుతిన్నారు. విసుక్కున్నాం, నేర్చుకున్నాం.

వెర్లిన్ గారు ఆ వసంతంలోనే వేలంశాలకు తిరిగి వెళ్లారు, కాకపోతే గొంతు బొంగురుపోయింది. ఏటా పరీక్షకు వచ్చినప్పుడల్లా మార్లిస్ గారిది ఒకటే ఆరా. "ఈ బొంగురు నా కత్తి వల్లా, ఆపిన మందు వల్లా?"

"ఎద్దులైతే ఇంతవరకూ ఫిర్యాదు చెయ్యలేదు లెండి," అంటారాయన.

ఆ జవాబుతో ఆమెకు తృప్తి లేదు. ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నా, ఆయన తదుపరి పరీక్షకు తాను తప్పక వస్తానని ఇప్పుడే చెప్పి ఉంచారు. అసలు జవాబు దొరికేదాకా మార్లిస్ థోర్సన్ గారు ఆయురారోగ్యాలతో, చురుకైన కంటిచూపుతో వర్ధిల్లాలనీ, ఆ జవాబు మాత్రం ఇప్పట్లో దొరకకూడదనీ సహోద్యోగులమందరం మనసారా కోరుకుంటున్నాము.