నాన్న దగ్గర అప్పు

వైటూకే పనులతో కంప్యూటర్ వాళ్లకు ఊపిరాడని ఏడాది. పాసిర్ రిస్ వెళ్లే రైల్లో నా ఎదురుగా ఒక తెలుగు తండ్రీ, కాలేజీలో చేరబోతున్న కూతురూ కూర్చున్నారు. ఆ పిల్ల ఈ దేశపు యాసలో మాట చివర 'లా' తగిలిస్తోంది.

"బ్యాంకులోనే లోను తీసుకుందామమ్మా. వడ్డీ కాస్త ఎక్కువైనా పర్లేదు."

"ఎందుకు డాడీ? నీ సీపీఎఫ్‌లోంచి ఫీజు కట్టొచ్చు కదా. వై పే మోర్, లా?"

"సీపీఎఫ్‌లో దాచిన నా రిటైర్మెంటు డబ్బు నీ చదువుకి కాకపోతే ఇంక దేనికి? కానీ ఉద్యోగం వచ్చాక నువ్వు అదంతా వడ్డీతో సహా నాకు తిరిగి కట్టాలంట. తండ్రి కూతురికి అప్పివ్వడమేంటి, అసయ్యంగా!"

"రూల్ అంతే లా. అందరూ కడతారు."

"మనింట్లో ఆ అలవాటు లేదు. మీ తాతయ్య చివరిదాకా మీ అత్త దగ్గర ఒక్క రూపాయి ముట్టుకోలేదు."

"తెలుసు. హాలిడేస్‌లో షూ షాపులో పనిచేసి నీకిచ్చిన డబ్బు ఏం చేశావ్?"

"నీ అకౌంట్లోనే వేశాను."

"కళ్లజోడు మార్చుకోమని ఇచ్చాను డాడీ. ఇంకా ఆ విరిగిందే పెట్టుకున్నావ్."

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"అందుకే బ్యాంకు వద్దంటున్నా. నేను చేతికిస్తే నువ్వు తీసుకోవు. ఇదైతే నేను తిరిగి కట్టేది నెలనెలా నీ సీపీఎఫ్‌లోనే పడుతుంది. వద్దన్నా పడుతుంది."

రెండు స్టేషన్లు దాటాక ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు.

"పోనీ, ఆ వడ్డీ అయినా వద్దని రాసిద్దామా తల్లీ?"

"కుదరదు డాడీ. రూల్ అంతే లా."