పికప్ కింద పెద్దల్లుడు

ఇంటి ముందు వీధిలో ఒక పికప్ బండి. చక్రాలకి చెక్కముక్కలు అడ్డం పెట్టి బండి కింద వెల్లకిలా పడుకున్నది మెకానిక్ పెద్దల్లుడు, స్టీరింగ్ ముందు కూర్చున్నది అతని మావగారు.

"నాలుగు రోజులా! మా తోడల్లుడుగారు నాలుగు రోజులు వర్క్‌షాపులో పెట్టుకుని ఏం చేశారట?"

"చిన్నల్లుడు అన్నీ చూశానన్నాడు. అయినా రివర్సులోంచి ఫస్టు గేరులో వేస్తే చాలు, వెనకాల ఠంగుమంటోంది."

"మరి ముందే నా దగ్గరికి తేవచ్చుగా?"

"నీకు రెండుసార్లు ఫోన్ చేశాను. పాత బండన్నాక చప్పుడు చెయ్యదా అన్నావు."

"అది... ఆ రోజు చేతిలో పనుంది. అంతమాత్రానికి ఆయన దగ్గరికి పరిగెత్తాలా? ఇంజన్ ఆపండి. ఆపారా? షాఫ్టు చేత్తో తిప్పి చూస్తున్నాను."

"ఏమైనా తెలిసిందా?"

"షాఫ్టు కీళ్ళలో క్రాసులు గట్టిగానే ఉన్నాయి. బేరింగు రబ్బరూ బాగుంది. ఆయనగారైతే ఈపాటికి ఇవన్నీ కొత్తవి వేసేవారు. గాజు తలుపుల గది, జేబు మీద పేరు కుట్టిన చొక్కా... ఆ దర్జాకి తగ్గట్టు ఉండాలిగా."

"అతనంటే నీకెందుకంత కుళ్ళు?"

"కుళ్ళే మావయ్యా, దాచడమెందుకు? ఆయనొస్తే మీరు కుర్చీలోంచి లేస్తారు. నేనొస్తే 'వచ్చావా, ఆ టైరోసారి చూడు' అంటారు. ఆయనకి అత్తయ్య కొత్త దుప్పటి తీస్తుంది. నాకు మీరు కప్పుకుని పడేసింది."

"దుప్పటి దాకా వెళ్ళావా!"

"ఇప్పుడు రోడ్డు పక్కనున్న మీ షెడ్డు కూడా ఆయనకే ఇస్తారట. మీ అమ్మాయి పొద్దున్నించీ నా ప్రాణం తోడేస్తోంది. పదిహేనేళ్ళుగా వీధిలో పడుకుని పని చేస్తున్నాను. చినుకు పడితే సామానంతా సర్దుకోవాలి. నాకూ నెత్తిన ఒక కప్పు కావాలి మావయ్యా."

"షెడ్డు ఎవరికన్నది ఇంకా అనుకోలేదు. ముందు బండి సంగతి తేల్చు."

"స్టార్ట్ చెయ్యండి. నేను పక్కకొచ్చి చూస్తాను. బ్రేకు గట్టిగా తొక్కి, ఫస్టు వేసి క్లచ్చు కొంచెం వదలండి. ఇప్పుడు రివర్సు. మళ్ళీ ఫస్టు. ఆఁ! ఆపండి, ఆపండి!"

"ఏంటి? ఏంటి?"

"దొరికింది! వెనక ఇరుసు మొత్తం, బండి బరువు మోసే కమానుకట్టల కింద ముందుకీ వెనక్కీ జరుగుతోంది. దాన్ని పట్టి ఉంచే బోల్టులు వదులు. చూడండి, చేత్తో తిప్పితే తిరుగుతున్నాయి! పానా కూడా అక్కర్లేదు."

"ఆ కమాన్లు రెండు నెలల కింద నువ్వు మార్చినవేగా?"

"మార్చాను. తర్వాత పువ్వులా నడిచిందిగా! ఆయన విప్పుంటాడు. విప్పి, సరిగ్గా బిగించకుండా వదిలేశాడు."

"విప్పాడంటావా?"

"విప్పకపోతే ఎందుకు వదులవుతాయి? అసలు కమాన్లు బిగించాక బండి ఓ వారం తిరిగితే అవి కాస్త సర్దుకుంటాయి. అప్పుడు బండిని పిలిపించి మళ్ళీ బిగించాలి. మెకానిక్కన్నవాడికి ఇది కూడా తెలియకపోతే ఎలా?"

"మరి నన్ను పిలవలేదే?"

"నా... నా బిగింపు వేరు మావయ్యా. నేను బిగిస్తే కదలదు. ఆ పెద్ద పానా ఇలా అందించండి. ఊఁ... హుఁ... ఇంకొక్కటి... అయింది. చెక్కలు తీసేశాను, నడిపి చూడండి."

"అరె! చప్పుడే లేదు."

"ఉండదు. ఎవరి చెయ్యనుకున్నారు? కానీ ఒక్కటి ఆలోచించండి. బండి నిండా సరుకు, పక్కన అత్తయ్య, దారి మధ్యలో ఇరుసు జరిగిపోయుంటే? ఇలాంటి పని చేసిన మనిషికా మీరు షెడ్డిచ్చేది?"

"ఇవ్వొద్దంటావా?"

"తాళంచెవి కూడా చూపించొద్దు."

"తొందరపడకు. ఎవరైనా ఒకసారి పొరపాటు..."

"పొరపాటా? ప్రాణాలు మావయ్యా! మీ స్థానంలో నేనుంటే ఆ మనిషిని షెడ్డు గుమ్మం తొక్కనివ్వను. నా మాటగా ఆయనకి చెప్పండి, పర్లేదు."

"అతనికెందుకు చెప్పడం? నీ పనిలో లోపముందంటే నువ్వు బండి కిందకి దూరవని అతని పేరు చెప్పాను. చిన్నల్లుడు దీన్ని ముట్టుకోనే లేదు. నువ్వు కమాన్లు మార్చాక ఈ బోల్టుల మీద పానా పెట్టింది ఇవాళ మళ్ళీ నువ్వే."